ఊళ్ళో మొదటివాడు

వెంకటకృష్ణారావు డాక్టరవుతాడని తిరువూరులో అందరికీ తెలుసు. వాళ్ళ నాన్న రామలింగం తన కిరాణా కొట్లో కూర్చుని ఆ మాట చెప్పని రోజు లేదు. కుర్రాడు బోర్డు హైస్కూల్లో స్కూలు ఫైనలు ప్యాసైన ఏడు ఊరికంతటికీ మొదటివాడుగా వచ్చాడు. హెడ్మాస్టరుగారు ఇంటికొచ్చి మరీ చెప్పి వెళ్ళారు. ఆ సాయంత్రమే రామలింగం బెల్లం దిమ్మ పగలగొట్టి, బేరానికొచ్చిన వాళ్ళందరికీ తలా ఒక ముక్క చేతిలో పెట్టాడు.

"మావాణ్ణి బెజవాడ కాలేజీలో వేస్తున్నాను. డాక్టరీకి" అన్నాడు.

ఆ కోరిక వెనక ఒక పాత మంట ఉంది. అంతకు కొన్నేళ్ళ ముందు రామలింగం కడుపునొప్పితో బెజవాడ వెళ్ళి, పేరున్న ఒక డాక్టరుగారి వరండాలో పొద్దుటినుంచీ కూర్చున్నాడు. తన వెనక వచ్చినవాళ్ళు లోపలికి వెళ్ళి మందు తీసుకుని పోతున్నారు. నొప్పి ఓర్చుకోలేక తలుపు దగ్గర నిలబడి, "అయ్యా, నా వంతు ఎప్పుడండీ?" అని అడిగాడు. ఆ డాక్టరు తలెత్తకుండానే, "ఉప్పూ పప్పూ తూచినంత తేలికనుకున్నావా శెట్టీ? కూర్చో" అన్నాడు. వరండాలో జనం నవ్వారు. నొప్పి వారంలో తగ్గింది. ఆ నవ్వు మాత్రం రామలింగం చెవుల్లోంచి పోలేదు.

ఆయన భార్య పరమేశ్వరికి ఈ సంగతంతా తెలుసు. ఇద్దరు ఆడపిల్లల తరవాత పుట్టినవాడు కృష్ణారావు. వాడు మెడలో గొట్టం వేసుకుని వస్తాడని భర్త చెబుతుంటే ఆమెకీ సంతోషంగానే ఉండేది. ఆ సంతోషంలో అనుమానం పడింది కొడుకు ఇంటరు రెండో ఏడు దసరా సెలవులకి వచ్చినప్పుడు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి అప్పటికి ఏడాదయింది.

పిల్లవాడి మెడ సన్నబడింది. కంచం ముందు కూర్చుంటే చేయి అన్నంలో ఉంటుంది, కళ్ళు ఎక్కడో ఉంటాయి. పెదవులు మాత్రం కదులుతుంటాయి.

"ఏంట్రా గొణుగుతున్నావు?" అంటే ఉలిక్కిపడి, "ఏం లేదమ్మా, పాఠం" అనేవాడు.

సెలవులు అయిపోతాయనగా సంత వచ్చింది. కొట్టు నిండా జనం. రామలింగం కొడుకుని పిలిచి గల్లాపెట్టె పక్కన కూర్చోబెట్టుకున్నాడు. వచ్చిన ప్రతివాడికీ "ఈయనే మా డాక్టరుగారు" అని చూపిస్తున్నాడు. అందరూ నవ్వి మెచ్చుకుంటున్నారు. గంపలగూడెం వైపునుంచి వచ్చిన ఒక ముసలి రైతు మాత్రం నవ్వలేదు. ఆ మాట నిజమే అనుకున్నాడాయన. తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, ముందుకొచ్చి చేయి చాపాడు.

"పొద్దుగూకేసరికి జొరం వత్తంది బాబూ. నెల్లాళ్ళ నుంచీ ఇంతే. కాస్త నాడి చూసి చెప్పు."

"చూడరా, పెద్దాయన అడుగుతున్నాడు" అన్నాడు రామలింగం నవ్వుతూ.

కృష్ణారావు ఆ చేయి పట్టుకున్నాడు. అందరూ మాటలాపి చూస్తున్నారు. ముసలాయన కళ్ళార్పకుండా అతని మొహంలోకే చూస్తున్నాడు. కాసేపటికి, "ఆసుపత్రికి వెళ్ళు తాతా" అని చేయి వదిలేసి కృష్ణారావు ఇంట్లోకి వచ్చేశాడు. పెరట్లో కుడితి గోలెం పక్కన చతికిలబడి వాంతి చేసుకున్నాడు. పరమేశ్వరి పరుగున వచ్చి వీపు రాసింది.

"ఏమైందిరా కన్నా?"

"ఎండ తగిలిందమ్మా" అన్నాడు.

ఆ రోజు తెల్లవారినప్పటినుంచీ మబ్బు పట్టే ఉంది.

కార్తీకమాసంలో పరమేశ్వరి అన్న కోదండరామయ్య బెజవాడ ప్రయాణం కట్టాడు. ఆయనది వినగడప. పత్తి కొని బెజవాడలో అమ్ముతుంటాడు. "నేనూ వస్తానన్నయ్యా, పద్మజని చూసి చాలా రోజులైంది" అంది పరమేశ్వరి. పద్మజ పెద్దకూతురు. అల్లుడికి వన్‌టౌన్లో గుడ్డల కొట్టుంది. కృష్ణారావు ఆ అక్క ఇంట్లోనే ఉండి చదువుకుంటున్నాడు. రామలింగం అభ్యంతరం చెప్పలేదు. "వాడికి నెయ్యి పట్టుకెళ్ళు. మెదడుకి మంచిది" అన్నాడు.

అక్కడ పద్మజ తల్లిని వంటింట్లోకి తీసుకెళ్ళి గొంతు తగ్గించి చెప్పింది. "తమ్ముడి వరస నాకేం నచ్చలేదమ్మా. ఏ పరీక్ష మార్కులు చెప్పినా ఆ రోజు తొందరగా ఇంటికి రాడు. కాలవ గట్టు మీద ఒక్కడే కూర్చుంటాడట. మీ అల్లుడు వెళ్ళి పిలుచుకొస్తారు. మార్కులెన్ని అంటే 'బాగానే వచ్చాయి' అంటాడు. బాగా వస్తే గట్టు మీద కూర్చోవటం దేనికి?"

మర్నాడు కొడుకు కాలేజీకి వెళ్ళాక పరమేశ్వరి అన్నగారితో అంది. "వాడికి పాఠం చెప్పే అయ్యవారి ఇల్లు ఎక్కడో కనుక్కో. నేను వెళ్ళి అడగాలి."

"నువ్వా? బావకి తెలిస్తే?"

"తెలిస్తే తెలియనీ. నువ్వు తోడు రా, చాలు."

జంతుశాస్త్రం చెప్పే జగన్నాథరావుగారి ఇల్లు సత్యనారాయణపురంలో ఉంది. ఆయన అప్పుడే కాలేజీనుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నారు. ఎవరి తాలూకో తెలుసుకుని లోపలికి రమ్మని కుర్చీలు చూపించారు. కోదండరామయ్య అంచు మీద కూర్చున్నాడు. పరమేశ్వరి కూర్చోలేదు. గుమ్మం పట్టుకుని నిలబడే అడిగింది.

"మావాడికి డాక్టరు సీటు వస్తుందాండీ?"

జగన్నాథరావు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ ఆమెని ఒక క్షణం చూశారు. "నిజం చెప్పమంటారా అమ్మా, ధైర్యం చెప్పమంటారా?"

"ధైర్యం మా ఇంటి దగ్గర కావలసినంత ఉందండీ."

ఆయన నవ్వలేదు. "అయితే వినండి. మీ అబ్బాయి మంచి విద్యార్థి. కష్టపడతాడు. ఇందులో ముఖస్తుతి లేదు. కానీ అలాంటి వాళ్ళు ఆ క్లాసులో నాకు ముప్ఫై మంది కనపడతారు. తిరువూరులో వాడు మొదటివాడని విన్నాను. నా క్లాసులోకి వచ్చే ప్రతివాడూ వాడి ఊళ్ళో మొదటివాడేనమ్మా. నూజివీడులో మొదటివాడు, గుడివాడలో మొదటివాడు, నందిగామలో మొదటివాడు. మన రాష్ట్రానికంతటికీ ఉన్నవి రెండు వైద్య కళాశాలలు. ఆశపడేవాళ్ళు వందలకొద్దీ. ఈ కాలేజీ మొత్తం మీద మహా అయితే నలుగురో అయిదుగురో వెళతారు. ఆ అయిదుగురిలో మీవాడు ఉండడని నేను చెప్పలేను. ఉంటాడని మాత్రం నేనయితే ఆశ పెట్టుకోను."

కోదండరామయ్య తలదించుకుని చెప్పుల కేసి చూస్తున్నాడు. పరమేశ్వరి, "మరి ఏం చెయ్యమంటారు?" అంది.

"అర్జీ పెట్టనివ్వండి. వద్దనకండి. దాంతోపాటు బాపట్ల వ్యవసాయ కళాశాలకి ఒకటి, ఇక్కడే బి.ఎస్సీ.కి ఒకటి పెట్టించండి. ఏది వస్తే అందులో మనసు పెట్టి చదివే పిల్లాడు వాడు. డాక్టరీ ఒక్కటే లోకమని నూరిపోస్తే, అది రాని రోజున వాడికి నిలబడటానికి చోటుండదు." ఒక్క క్షణం ఆగి, "చెప్పేటప్పుడు మాత్రం జాగ్రత్తమ్మా. సీట్లు తక్కువని చెప్పండి. నీ వల్ల కాదని చెప్పకండి. రెండూ ఒకటి కావు" అన్నారు.

"మీరే ఒకసారి మావారితో చెబితే..."

జగన్నాథరావు ఆశ్చర్యంగా చూశారు. "చెప్పానుగా! పోయిన వేసవిలో మామిడిపళ్ళ బుట్ట తీసుకుని ఆయనే వచ్చారు. ఈ మాటలే చెప్పాను. అంతా విని, 'మీరు పాఠం చెప్పండి సార్, తక్కింది మేం చూసుకుంటాం' అని వెళ్ళిపోయారు. మీకు చెప్పలేదా?"

మర్నాడు మైలవరం మీదుగా తిరిగి వచ్చే బస్సులో పరమేశ్వరి కిటికీ పక్కన కూర్చుంది. రోడ్డు పక్క మామిడితోటలు వెనక్కి పోతున్నాయి. కొడుక్కి సీటు రాకపోవచ్చన్న మాట కంటే, భర్త తెలిసీ తనతో అనలేదన్న మాట ఆమెని ఎక్కువగా తొలిచేసింది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో కందిపప్పు ధర పెరిగినా ముందు ఆమెకే చెప్పే మనిషాయన.

ఆ సాయంత్రం రామలింగం భోంచేసి లేవబోతుండగా అడిగేసింది. "జగన్నాథరావుగారు మీకు పోయిన వేసవిలోనే చెప్పారటగా?"

ఆయన చేయి కడుక్కుంటున్నవాడు ఆగాడు. "నువ్వు అక్కడికి వెళ్ళావా?"

"వెళ్ళాను."

"ఎవరు వెళ్ళమన్నారు?"

"ఎవరూ అనలేదు. వాడి మొహం చూసి వెళ్ళాను. మీకు తెలిసి కూడా ఊరందరి ముందూ డాక్టరుగారని ఎందుకు అంటున్నారు?"

రామలింగం చెంబు కింద పెట్టాడు. "తెలిస్తే మాత్రం? ఒకాయన చెప్పాడని ఒప్పేసుకోవాలా? మా నాన్న నెత్తిన గంప పెట్టుకుని ఉప్పు అమ్మాడు. నేనూ అమ్మాను. నేను కొట్టు పెడతానంటే ఈ ఊళ్ళో పెద్దమనుషులు నన్ను కూర్చోబెట్టి చెప్పారు. 'నీకు తాహతు లేదురా, గంప చాలు' అని. వాళ్ళూ నిజమే చెప్పారు. ఆ నిజం విని ఉంటే నువ్వు ఇవాళ ఈ మిద్దె కింద ఉండేదానివా?"

పరమేశ్వరి కంచం తీసి పక్కన పెట్టింది. ఆయన చెప్పింది అబద్ధం కాదు. అయినా, "గంప ఎత్తింది మీరు. బరువు ఎంతో మీ మెడకి తెలుసు. ఇక్కడ మోస్తున్నది వాడు" అంది.

"వాడి చదువుకి అడ్డం రాకు. రెండో దారి చూపిస్తే మొదటి దారిలో కాలు పడదు. ఇంకోసారి ఈ ఊసెత్తితే నేనూరుకోను" అని కొట్లోకి వెళ్ళిపోయాడు. ఆ తరవాత చాలా రోజులు ఆయన ఆమెతో కావలసిన మాట తప్ప మాట్లాడలేదు.

పరీక్షల ముందు కొడుకుతో ఏదీ అనటానికి పరమేశ్వరికి ధైర్యం చాలలేదు. అంటే వాడి చేతులు చచ్చుబడతాయేమో. అనకపోతే అర్జీల గడువు దాటిపోతుందేమో. అన్నగారు, "పరీక్షలు కానివ్వు, అప్పుడు నిదానంగా చెబుదువుగాని" అన్నాడు. సరేననుకుంది.

వేసవిలో కృష్ణారావు ఇంటికొచ్చాడు. ఒక మధ్యాహ్నం వాడు ముందరి గదిలో పడుకుని పైకప్పు చూస్తుండగా పరమేశ్వరి పక్కన కూర్చుంది. ఎన్నోసార్లు మనసులో అనుకున్న మాటలు తీరా చెప్పబోయేసరికి చెల్లాచెదరైపోయాయి.

"నాయనా, డాక్టరీకే కాకుండా బాపట్లకీ ఒక అర్జీ పెట్టరా."

"ఎందుకు?"

"అది రాకపోతే... జగన్నాథరావుగారు కూడా అన్నారు. అందులో చాలా పోటీ అట. నీలాంటి వాళ్ళకి కష్టమట."

అన్న తరవాత ఆమె నాలుక కరుచుకుంది. జాగ్రత్త అని ఆయన చెప్పిన మాటే జారిపోయింది.

కృష్ణారావు లేచి కూర్చున్నాడు. "నాలాంటి వాళ్ళంటే?"

"అది కాదురా..."

"నువ్వు వెళ్ళి అడిగావా? నాకు చెప్పకుండా మా సార్ ఇంటికి వెళ్ళి, మావాడు పనికొస్తాడా రాడా అని అడిగావా?" కొక్కేనికున్న చొక్కా తీశాడు. "నాన్నకి నామీద నమ్మకముంది. నీకు లేదు. అంతేగా?"

"నమ్మకం లేక కాదురా. నువ్వు ఇలా అయిపోతుంటే చూడలేక."

"చూడకు" అని చొక్కా వేసుకుని వెళ్ళిపోయాడు.

అంతే. డాక్టరీ అర్జీ ఒక్కటే పెట్టాడు. పరీక్ష ఫలితాలు వచ్చినప్పుడు ఫస్టు క్లాసు అని తెలిసి రామలింగం మళ్ళీ బెల్లం పంచాడు. భార్య వైపు చూసి, "విన్నావా?" అన్నాడు. పరమేశ్వరి విన్నది. ఆ క్షణాన తనే పొరపాటు పడ్డానేమోనని సంతోషపడింది కూడా. ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. కొత్త ఇస్త్రీ బట్టలు వేసుకుని వెళ్ళి వచ్చాడు. ఎలా జరిగిందని తండ్రి అడిగితే, "డాక్టరెందుకు కావాలనుకుంటున్నావని అడిగారు" అన్నాడు.

"ఏం చెప్పావు?"

"పేదలకి సేవ చేస్తానని చెప్పాను. నా ముందువాడూ అదే చెప్పాడట."

ఎంపికైనవాళ్ళ పేర్లు వైద్య కళాశాల దగ్గర అంటిస్తారని తెలిసి శ్రావణమాసంలో కృష్ణారావు గుంటూరు వెళ్ళాడు. మర్నాటి సాయంత్రం బస్సుకి వస్తానన్నాడు. రామలింగం కొట్టు త్వరగా కట్టేసి బస్సుల దగ్గరికి వెళ్ళాడు. బస్సు వచ్చింది, జనం దిగారు, కృష్ణారావు దిగలేదు. చివరి బస్సుకీ రాలేదు. ఆ తరవాతి రోజూ రాలేదు. పద్మజ ఇంటికి ఫోను లేదు. బెజవాడ వెళ్ళే బస్సు డ్రైవరుతో కబురు పంపితే, వాళ్ళింటికీ రాలేదని తిరుగు కబురు వచ్చింది.

రామలింగం మొహంలో నెత్తురు లేదు. మొదట భార్య మీద విరుచుకుపడ్డాడు. "నీ నోటి మాటే తగిలింది. కన్నతల్లే రాదు రాదు అంటే ఎలా వస్తుంది?" ఆ మాట అన్న మరుక్షణమే అరుగు మీద కూలబడి, "వాడు వస్తే చాలే. సీటు ఏ గంగలోనన్నా పడనీ" అని కండువా నోట్లో కుక్కుకున్నాడు. పరమేశ్వరికి ఆయన మీద కోపం కూడా రాలేదు. కాలవ గట్టు మీద ఒక్కడే కూర్చుంటాడన్న కూతురి మాటే చెవుల్లో గింగురుమంటోంది. ఆ మాట భర్తకి చెప్పింది. చెప్పకపోతే వెతకాల్సిన చోటు తెలియదు.

ఆయన వెంటనే బెజవాడ బస్సెక్కాడు.

ఆయన అటు వెళ్ళిన రోజే మధ్యాహ్నం వినగడపనుంచి పాలేరు ఒకడు సైకిలు మీద వచ్చాడు. "చిన్నబాబు మా అయ్యగారింటి కాడ ఉన్నాడమ్మా. మిమ్మల్ని రమ్మన్నారు" అన్నాడు. పరమేశ్వరి దేవుడి గది గడప మీద కూర్చుండిపోయింది. తరవాత లేచి, భర్తకి చెప్పమని బెజవాడ వెళ్ళే బస్సువాళ్ళతో కబురు పంపించి, బండి కట్టించుకుని బయల్దేరింది.

కృష్ణారావు మేనమామ ఇంటి వసారాలో పత్తి కుక్కిన బోరాలకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. తిరువూరు దాకా రాకుండా దారిలోనే బస్సు దిగి నడుచుకుంటూ వచ్చాడట. మామయ్య ఎన్నిసార్లు అడిగినా, ఇంటికి కబురు పంపితే ఇక్కడినుంచీ వెళ్ళిపోతానని బెదిరించాడట. చివరికి కోదండరామయ్యే వాడు నిద్రపోతుండగా పాలేరుని పంపించాడు. తల్లిని చూడగానే వాడు మొహం తిప్పుకున్నాడు.

పరమేశ్వరి తిట్టలేదు, ఏడవలేదు. పక్కన కూర్చుంది. చాలాసేపు వాడి చేయి తన ఒళ్ళో పెట్టుకుని ఉంది.

"రెండుసార్లు చదివానమ్మా ఆ కాగితం" అన్నాడు ఎప్పటికో. "పక్కనున్నవాణ్ణి కూడా చూడమన్నాను, నా కళ్ళు తప్పేమోనని."

"పోనీలే."

"నాకు తెలియక కాదు. కాలేజీలో చేరిన మొదటి పరీక్షలకే తెలుసు. నేను ఒక పుట చదివేసరికి వాళ్ళు నాలుగు చదువుతారు. పైగా ఆడుతూ పాడుతూ. తెలిసినా, గట్టిగా చదివితే ఏమో, ఏమో అనుకుంటూ ఉండేవాణ్ణి. నువ్వు ఆ మధ్యాహ్నం అన్నావు చూడు... నాలో నేను దాచుకున్న మాట నీ నోట విన్నాను. తట్టుకోలేకపోయాను."

"నేను చెప్పటం సరిగా చెప్పలేదురా."

"ఎలా చెప్పినా అంతేనమ్మా." వాడు పత్తి పోగు ఒకటి వేళ్ళతో పీకుతున్నాడు. "ఇప్పుడు ఊళ్ళోకి ఎలా రాను? కొట్టు ముందునుంచి ఎలా నడవను? బెజవాడలో ఆనకట్ట దగ్గర..." అని ఆపేశాడు.

పరమేశ్వరి వాడి చేయి గట్టిగా పట్టుకుంది. "ఆనకట్ట దగ్గర ఏమిట్రా?"

"ఏం లేదు. కాసేపు నిలబడ్డాను. నీళ్ళు చాలా ఉన్నాయి. భయమేసి వచ్చేశాను."

ఆమె వాడి తలని గట్టిగా గుండెకి అదుముకుంది.

రామలింగం మర్నాడు పొద్దున్నే వచ్చాడు. బట్టలు మాసిపోయి, కళ్ళు లోపలికి పోయి, ఒక్కరోజులో పదేళ్ళు మీద పడ్డట్టున్నాడు. కబురు అందేదాకా కృష్ణ ఒడ్డు వెంబడే తిరిగాడట. పడవలవాళ్ళనీ, చేపలు పట్టేవాళ్ళనీ, కనపడిన ప్రతివాడినీ అడిగాడట, తెల్ల చొక్కా వేసుకున్న కుర్రవాణ్ణి చూశారా అని. ఆ సంగతి తరవాత పద్మజ మొగుడు చెబితే తెలిసింది. ఆయన నోటినుంచి ఎప్పుడూ రాలేదు.

కొడుకుని చూసి ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు. కొట్టడానికన్నట్టు చెయ్యెత్తాడు. ఆ చెయ్యి మధ్యలోనే ఆగి, స్తంభాన్ని పట్టుకుంది. కోదండరామయ్య మంచినీళ్ళిచ్చాడు. తాగి, "మళ్ళీ ఏడు పెడదాంలే. ఈసారి గుంటూరులో మనవాళ్ళెవరన్నా ఉన్నారేమో కనుక్కుంటాను" అన్నాడు.

పరమేశ్వరికి ఒళ్ళు మండిపోయింది. ఇంత జరిగినా ఈ మనిషి నోట ఇదే మాటా? ఆమె నోరు తెరిచేలోపలే కృష్ణారావు అన్నాడు.

"అర్జీ మళ్ళీ పెట్టొచ్చు నాన్నా. మార్కులు అవే ఉంటాయి."

రామలింగం గ్లాసు కింద పెట్టాడు.

"నేను బాపట్లకి పెడతాను. ఈ ఏడు గడువు అయిపోయింది. వచ్చే ఏడు పెడతాను. అది కూడా రాకపోవచ్చు. రాకపోతే బి.ఎస్సీ.లో చేరతాను. ఈ ఏడాదంతా ఇక్కడే మామయ్య దగ్గర ఉంటాను. ఇంటికి రాను."

"ఇంటికి రావా?" రామలింగం గొంతు చిన్నపిల్లాడి గొంతులా వచ్చింది.

"కొట్లో నన్ను కూర్చోబెట్టనంటే వస్తాను."

అది తండ్రిని అవమానించటానికి అన్న మాట కాదు. వాడికి కావలసింది అదొక్కటే. కోదండరామయ్య ఏదో సర్దిచెప్పబోతే పరమేశ్వరి చేత్తో వారించింది. రామలింగం కండువాతో మొహం తుడుచుకుని, "సరే" అన్నాడు. ఆ ఒక్క మాట అనడానికి ఆయనకి ఎంత కష్టమయిందో చూసినవాళ్ళకే తెలుసు.

ఆ ఏడాది కృష్ణారావు వినగడపలోనే ఉన్నాడు. మామయ్య పత్తి లెక్కలు చూశాడు. పొలాలవెంట తిరిగాడు. పండగలకి ఇంటికొచ్చినా కొట్టువైపు వెళ్ళకుండా పెరటి తలుపునుంచి వచ్చి పెరటి తలుపునుంచే వెళ్ళేవాడు. తిరువూరులో జనం కొన్నాళ్ళు అడిగారు. "డాక్టరుగారెక్కడ?" అని కొందరు నవ్వుతూ, కొందరు నిజంగానే. రామలింగం ఒకరితో ఒంట్లో బాగాలేదని చెప్పాడు, ఇంకొకరితో వచ్చే ఏడు చేరతాడని చెప్పాడు. చివరికి ఒక రోజు ఎవరో అడిగితే త్రాసు పక్కన పెట్టి, "సీటు రాలేదయ్యా. పోటీ ఎక్కువ. మావాడికంటే బాగా చదివినవాళ్ళున్నారు" అన్నాడు. లోపల వసారాలో బియ్యం ఏరుతున్న పరమేశ్వరికి ఆ మాట వినపడింది. ఆమె చేతిలో చేట అలాగే ఉండిపోయింది.

మరుసటేడు బాపట్లలో సీటు వచ్చింది. అది కూడా ముందు రాలేదన్నారు. ఎవరో చేరకపోతే ఆ ఖాళీలో పిలిచారు. కృష్ణారావు సంతోషపడ్డాడో లేదో పరమేశ్వరికి తెలియలేదు. పెట్టె సర్దుకుంటుంటే మాత్రం మొహం తేటగా ఉంది. అన్నం కడుపునిండా తిన్నాడు. బస్సెక్కే ముందు తండ్రి కాళ్ళకి దణ్ణం పెట్టాడు. రామలింగం ఏదో దీవించబోయి, ఏమని దీవించాలో తోచక వాడి భుజం మీద చెయ్యి వేసి ఊరుకున్నాడు.

ఆ సాయంత్రం వానపడి కొట్టుకి బేరాలు లేవు. రామలింగం ఇంట్లోకి వచ్చి పరమేశ్వరి ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాడు. ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఆయనా రెండు కాయలు తీసుకుని ఒలవటం మొదలుపెట్టాడు.

"ఆ లెక్చరరుగారు నాతో చెప్పిన రోజే నేను వచ్చి నీతో చెప్పి ఉంటే ఏమయ్యేదంటావు?"

పరమేశ్వరి తల ఎత్తలేదు. ఆ ప్రశ్న ఆమె తనలో తాను ఎన్నిసార్లు వేసుకుందో లెక్కలేదు. ఒకసారి ఒక జవాబు వచ్చేది, ఇంకోసారి ఇంకొకటి.

"ఏమోనండి. అప్పటికి వాడు బాగానే ఉన్నాడుగా. నేనూ మీలాగే నమ్మేదాన్ని కాదేమో" అంది.

"నేను నమ్మాను పరమేశ్వరీ. ఆయన చెబుతుండగానే నమ్మాను" అన్నాడు రామలింగం.

ఆమె చేతులు ఆగాయి. బయట వాన పెద్దదయింది. ఆయన ఒలిచిన గింజలు తన గిన్నెలో పోసుకుని, దీపం వెలిగించడానికి లేచింది.